ఫ్యాన్ మోత

ఎనిమిది వందలు. మళ్ళీ ఎనిమిది వందలే. ఇప్పుడే కదా మూడు వేలు దాటించింది, కళ్ళారా చూసింది కదా, అంకెలు ఎగిరిపడ్డాయి, కాళ్ళ దగ్గరున్న కంప్యూటర్ కేబినెట్‌లోంచి వెచ్చటి గాలి పాదాలకు తగిలింది, తెర మీద కిటికీ అద్దానికి వాన చుక్కలు ఒకదాని వెనక ఒకటి అతుక్కున్నాయి, అంతలో ఏమొచ్చిందో, తల్లి కేకేస్తే ఆట వదిలేసి ఇంట్లోకొచ్చిన పిల్లలా ప్రాసెసర్ మళ్ళీ తన పాత చోటికొచ్చి బుద్ధిగా కూర్చుంది. గోడ గడియారంలో మూడు దాటింది. నాలుగింటికల్లా ఈ షాట్ స్టూడియోకి చేరాలి. చేరకపోతే అక్కడి ఉద్యోగం ఇంకెవరికో పోతుంది, లైటింగ్ అక్క పొద్దున్నే చెప్పేసింది, మొహమాటం ఆవిడ ఇంటావంటా లేదు, ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని యానిమేషన్ బొమ్మలకు వెలుగులు దిద్దినవాళ్ళే, ఇప్పుడు ఆవిడ మొత్తం విభాగానికే పెద్ద. "నేను చేయగలిగింది చేశానే, ట్రయల్ షాట్ దాకా తెచ్చాను, అది నీ మెషిన్ మీద నువ్వే పూర్తిచేసి పంపాలట. నాలుగు దాటితే నా చేతిలో ఉండదు" అంది. ఎనిమిది వందల మెగాహెర్ట్జ్ దగ్గర పాకితే మిగిలిన ఫ్రేములు చీకటి పడ్డా తెమలవు. మూడు వేల పైన పరిగెత్తితే అయినా అవుతుంది. ఆమె మళ్ళీ అదే కమాండు కొట్టింది, అంకె మళ్ళీ లేచింది, ఈసారి రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

పడగ్గది మూల, బీరువాకీ కిటికీకీ మధ్య, ఈ బల్ల. ఇది ఆయన కట్టిచ్చిన మెషిన్. కొనిచ్చింది కాదు, కట్టిచ్చింది, ఆ మాట అప్పట్లో ఆమె అందరికీ చెప్పుకుంది. అత్తయ్య తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ రోజులవి, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఎవరూ అడగలేదు, ఆమె కూడా. "స్టూడియోకే వెళ్ళాలని ఏముంది? అక్కడున్న ప్రాసెసరే ఇక్కడ పెట్టిస్తా. ఇంట్లో కూర్చుని రాణిలా చేసుకో" అన్నారు ఆయన. ఒక ఆదివారమంతా నేల మీద కూర్చుని, స్క్రూలు నోట్లో పెట్టుకుని, ఒక్కో భాగం బిగించి, లైనక్స్ వేసి, లేచి చేతులు దులుపుకున్నారు. చుట్టాల్లో ఆయనకు సర్వర్ల డాక్టరని పేరు. ఎవరి కంప్యూటర్ మూలిగినా ఆయన చెయ్యి పడాల్సిందే, పడగానే లేచి కూర్చుంటుంది కూడా. మొదటి నెలల్లో ఈ మెషిన్ ఎంత గొప్పగా పరిగెత్తేదో ఆమెకు గుర్తుంది. గుర్తుందా, లేక గుర్తుందనుకుంటోందా? తర్వాత నెమ్మదించింది. కొత్తలో అన్నీ అంతే, వాడగా వాడగా మందగిస్తాయి అన్నారు ఆయన, మనుషుల గురించి కూడా జనం అదే అంటారు కాబట్టి ఆమె నమ్మింది. ఒక ఫ్రేమ్ తయారయ్యేలోపు బట్టలు ఆరేసి రావచ్చు. రెండో ఫ్రేములోపు అత్తయ్యకు స్నానం చేయించవచ్చు. ఇల్లంతా ఆ ఫ్రేముల లెక్కన నడిచింది. గడువులు దాటాయి, ఒకసారి దాటితే క్షమించారు, రెండోసారి దాటితే ఫోన్లు తగ్గాయి. ఆయనకు అదో సరదా అయింది. నత్తమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. నత్తమ్మా, ఇంకా తెమల్లేదా? మా నత్తమ్మ బొమ్మ గీసేలోపు కాలం మారిపోతుంది. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళూ అదే పేరు పట్టుకున్నారు. ఒకసారి ఆయన స్నేహితుల ముందు, మెషిన్ స్లోగా ఉందండీ, ఒకసారి చూడరూ అంటే, "ఆడలేక మద్దెల ఓడు అందట మా ఆవిడలాంటిదే" అన్నారు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వి కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మద్దెల నిజంగానే ఓడు. నిన్నటిదాకా తెలియలేదు. నిన్న లైటింగ్ అక్క ఇదే ఫైలు అక్కడ స్టూడియోలో నడిపి చూసి ఫోన్ చేసింది. "ఒసే, మా దగ్గర కాఫీ తాగి వచ్చేలోపు మూడు ఫ్రేములు పడ్డాయే. నీదీ అదే ప్రాసెసర్ అన్నావుగా? నువ్వు పడుకోబెట్టి నడుపుతున్నావా దాన్ని?" ఆ మాటకు ఆమెకు వెంటనే కోపమొచ్చింది, అక్క మీద. తర్వాత చాలాసేపు మెషిన్ ముందు నిలబడింది. అక్కే చెప్పింది, టెర్మినల్ తెరువు, నేను చెప్పింది కొట్టు, ఎంత వేగంతో తిరుగుతోందో అదే చెబుతుంది అని. నల్ల తెర. ఆ నల్ల తెర ఆయన సొంతం, అది ముట్టుకోకు, ఒక్క అక్షరం తప్పు పడినా మొత్తం పోతుంది అని మొదటిరోజే చెప్పారు. పాస్‌వర్డూ ఆయనదే. ఆమెకు ఎవరూ చెప్పలేదు, కానీ ఇన్నేళ్ళు ఆయన వేళ్ళు చూసింది, బైకు నంబరు తిరగేసి కొడతారని ఎప్పుడో తెలుసు, వాడదామనే ఆలోచనే రాలేదు. కొట్టింది. నాలుగైదు వరుసలు వచ్చాయి. ఈ ప్రాసెసర్ ఎనిమిది వందల నుంచి మూడు వేల తొమ్మిది వందల దాకా తిరగగలదు అని ఒక వరుస. పాలసీ ప్రకారం ఎనిమిది వందలకీ ఎనిమిది వందలకీ మధ్య తిరగాలి అని ఇంకో వరుస. ఎనిమిది వందలకీ ఎనిమిది వందలకీ మధ్య. పైకి చదువుకుంది. ఆ మధ్యలో ఏముంటుంది, ఇంత జాగా కూడా ఉండదే, అందులో ఎవరైనా ఎలా మసలుతారు? చేతనైంది ఇంతుంటే ఇచ్చింది ఇంతేనా అని అక్కడే, ఆ బల్ల ముందే, ఆ వరుస మళ్ళీ చదివింది.

అయినా ఆయన మీదికి మనసు పోలేదు అప్పుడు. ముందు దుమ్ము మీదికి పోయింది. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందట, ఫోన్‌లో చదివింది. పొద్దున్నే మూత విప్పి, పాత పెయింటు బ్రష్షుతో ఫ్యాన్ రెక్కలు తుడిచింది, గుప్పెడు దుమ్ము వచ్చింది, అత్తయ్య ఊతకర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి చూసింది. "ఏంటమ్మా, పేగులన్నీ బయటపెట్టావు? వాడొచ్చి చూస్తాడుగా."

"దుమ్ము తుడుస్తున్నానత్తయ్యా."

"తుడువు గానీ మళ్ళీ పెట్టడం వచ్చా? నాకూ ఇలాగే ఒక డాక్టరు తుంటి విప్పి పెట్టాడు, ఇప్పటికీ వానొస్తే లాగుద్ది."

దుమ్ము కాదు. వేడీ లేదు, ముట్టుకుంటే చల్లగా ఉంది, పనిచేయనిది ఎందుకు వేడెక్కుతుంది? తర్వాత గవర్నర్ మీదికి పోయింది. ప్రాసెసర్ ఎప్పుడు పరిగెత్తాలో ఎప్పుడు నిదానించాలో చెప్పేదాన్ని గవర్నర్ అంటారట. పవర్‌సేవ్ అని ఒకడు, పర్ఫార్మెన్స్ అని ఒకడు. ఒకణ్ణి దించి ఇంకొకణ్ణి ఎక్కించింది, అంకె చలించలేదు. గవర్నర్లు మారితే ఏం మారుతుంది, పైనుంచి గీత గీసినవాడు వేరే ఉంటే? ఫోన్‌లో ఇదే జబ్బుతో ఎంతమందో. నాది ఎనిమిది వందల దగ్గరే ఇరుక్కుంది, సాయం చేయండి అని ఎవరో ఎక్కడో మొత్తుకున్నారు, కింద ఒకడు బ్యాటరీ అన్నాడు, ఒకడు చార్జరు మార్చమన్నాడు, ఒకడు ముందు సరిగ్గా ప్రశ్న అడగడం నేర్చుకోమన్నాడు. అలాంటివాడు ప్రతిచోటా ఒకడుంటాడు. చివరికొకరు, పేరేంటో తెలియదు, ఒక్క ముక్క రాశారు: పై హద్దు పెంచి చూడు, మళ్ళీ కిందికొస్తే నీ మెషిన్‌లో ఎవరో దాన్ని పదేపదే కిందికి లాగుతున్నారని అర్థం. ఆ మాట చదివాకే ఇంతసేపూ హద్దు పెంచడం, పడిపోవడం, పెంచడం. ఇదిగో మళ్ళీ పడింది. నీ మెషిన్‌లో ఎవరో.

తెర మీద సగం ఫ్రేము ఆగి ఉంది. వాన తడిసిన కిటికీ, వెనక గదిలో దీపం, దీపం కిందికి వంగి సూదిలో దారం ఎక్కిస్తున్న ముసలామె. ప్రతి వాన చుక్కలోనూ ఆ దీపం ఒకసారి తలకిందులుగా కనబడాలి. ఇంత వెలుగు ఆమె ఏ బొమ్మలోనూ పెట్టి చాలా ఏళ్ళయింది. పెట్టలేకపోయింది. మెషిన్ మోయదు కదా. మొదట అద్దాలు తీసేసింది, అద్దాలకు లెక్క ఎక్కువ. తర్వాత నీళ్ళు కదలకుండా ఆపేసింది. జుట్టును గట్టి ముద్దలా చేసింది. దీపాలు నాలుగుంటే మూడు, మూడుంటే ఒకటి. చివరికి నీడలు కూడా తీసేసింది, మనిషి నడుస్తుంటే కింద నీడ ఉండదు, ఎవరు గమనిస్తారులే అనుకుంది. గమనించారు. ఒక నిర్మాత మంచివాడే, మర్యాదగానే అన్నాడు, మీ పని శుభ్రంగా ఉంటుందమ్మా, కానీ ఎందుకో బొమ్మలు నేల మీద నిలబడవు, ప్రాణం లేనట్టుంటాయి అని. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి, నిజమే, ఇంతేనేమో నేను, ఒకప్పుడేదో కుదిరింది, అంతే, అనుకుంది. లోపం తనలో ఉందని నమ్మి, ఆ నమ్మకానికి సరిపోయేట్టు తన చేతిని తానే కత్తిరించుకుంటూ వచ్చింది. దీపం తీసేటప్పుడల్లా బాధపడటం కూడా మెల్లగా మానేసింది. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ఎవరో పదేపదే లాగుతున్నారంటే గడియారం ప్రకారం లాగుతున్నారు. అలా వేళకు నిద్రలేచి తమ పని చేసుకుని పడుకునేవాటిని టైమర్లంటారట, వాటిని చూపించమంటే మెషిన్ చూపించింది. అన్నీ పొడి పేర్లు, యంత్రం పెట్టుకున్న పేర్లు. వాటి మధ్య ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో, శాంతి. యంత్రాలు అలాంటి పేర్లు పెట్టుకోవు. ఆయన ఆఫీసులో సర్వర్లకు ఇలాగే ముద్దుపేర్లు పెడతారు, కరుణ అని ఒకటి, సహనం అని ఒకటి, ఇంటికొచ్చి ఇవాళ సహనం చచ్చిపోయిందని నవ్విస్తారు. కొద్ది నిమిషాలకోసారి లేస్తోంది ఈ శాంతి. లేచి, ఎనిమిది వందలకీ ఎనిమిది వందలకీ మధ్య అని చెప్పి, మళ్ళీ పడుకుంటోంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. మరిచిపోయి ఉంటారు. ఎప్పుడో ఏదో పరీక్షించడానికి పెట్టి తీయడం మరిచిపోయి ఉంటారు, మనిషన్నాక మరుపు ఉండదా. మరి చూడమన్నప్పుడల్లా చూశారే? పక్కన నిలబడి, వంగి, రెండు కమాండ్లు కొట్టి, మెషిన్ బాగానే ఉంది, నీ సీనే బరువు అన్నారే? ఆఫీసులో ఎవరో కరెంటు ఆదా అని సర్వర్లను ఇలా పడుకోబెడితే, అన్నం తినకుండా కూర్చుని, వీటిని ఇలా పెడితే జనం పనెలా చేస్తారు, బుద్ధి ఉందా వీళ్ళకు అని తిట్టారే? మరుపా, తెలిసా? మరుపైతే తను ఆయన మరిచిపోయిన వస్తువు. తెలిసే అయితే? రెండింట్లో ఏది నయమో తేల్చుకోలేక ఆమె శాంతిని ఆపేసింది. ఇక ఎప్పటికీ లేవకుండా ఇంకో కమాండు. హద్దు పైకి. మూడు వేల తొమ్మిది వందలు.

ఫ్యాన్ లేచింది. అబ్బ, ఏం మోత. బల్ల మీద పెన్ను వణికింది. ఫ్రేము నిండింది, ఇంకోటి మొదలైంది, నిండింది, చుక్కల్లో దీపాలు తలకిందులుగా వెలిగాయి, ముసలామె చేతికి నీడ పడింది, నేల మీద, గోడ మీద, ఆమె చూస్తూ కూర్చుంది, కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి, సంతోషమో కాదో తెలుసుకునే తీరిక లేదు. మూడున్నర. ఇదే వేగంతో వెళితే సరిపోతుంది. అప్పుడు ఫోన్ మోగింది. ఆయన. పని వేళలో ఆయన ఫోన్ చేయరు, ఆమె చేసినా తీయరు, అత్తయ్య బాత్రూమ్‌లో జారిపడ్డ రోజు కూడా సాయంత్రం ఇంటికొచ్చాకే ఆయనకు తెలిసింది.

"మెషిన్‌కి ఏమైంది?" అన్నారు.

"ఏమైంది?"

"వేడి ఎనభై దాటింది, నాకు అలర్ట్ వచ్చింది. ఏమైనా కెలికావా?"

"మనింటి మెషిన్ అలర్టులు మీకొస్తాయా?"

"అన్నిటివీ వస్తాయి. రోజూ చూస్తూనే ఉంటాగా, కొత్తగా అడుగుతావేంటి?"

రోజూ చూస్తూనే ఉంటాగా. ఎంత మామూలుగా అన్నారు. రోజూ. ఫోన్‌లో చూస్తే కనబడుతుందన్నమాట, వేడి, వేగం, అన్నీ. ఆమె రాత్రుళ్ళు మెడ పట్టేసి ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు, పక్కన మంచం మీద ఆయన పడుకునే ముందు ఫోన్ చూసుకునేవారు కదా, అందులో ఇదీ ఉండేదన్నమాట. చూసి, ఎనిమిది వందలే ఉందని నిశ్చింతగా అటు తిరిగి పడుకునేవారన్నమాట.

"శాంతి మీరు పెట్టిందేనా?" అంది.

"ఓ, అదా. పాతది. ఫ్యాన్ మోతకి నాకు నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే లేచి పోవాల్సినవాణ్ణి."

"నాకు చెప్పలేదు."

"చెప్తే ఒప్పుకునేదానివా? రోజూ గొడవయ్యేది. ఇల్లు ప్రశాంతంగా ఉంది, నీ పనీ ఏదోలా నడుస్తోంది, ఇప్పుడు కొంపలేం మునిగాయని?"

"పగలు కూడా ఎందుకు? మీరు పగలు ఇంట్లో ఉండరుగా."

"పగలూ రాత్రీ మార్చి రాయడం ఎవరు కూర్చుని చేస్తారు?" అన్నారు, ఆ గొంతులో తప్పు చేసిన మనిషి జాడే లేదు, విసుగుంది, అంతే. ఆమెకు ఇంతసేపూ నయమేదో తేలని ప్రశ్న అక్కడితో తేలిపోయింది. మరుపూ కాదు, కక్షా కాదు. ఇంకో వరుస రాయడానికి బద్ధకం. "సరే, ఉండు, వేడి పెరిగిపోతోంది. ఇక్కణ్ణుంచే సరిచేస్తా."

"వద్దండీ. నాలుగింటికి షాట్ వెళ్ళాలి. నాలుగు దాకా ఆగండి."

"ఒక్క నిమిషం. అయిపోయింది."

మోత పడిపోయింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, ఆ నిశ్శబ్దం ఆమెకు ఎంత బాగా తెలుసు, ఇన్నేళ్ళూ అదే మన ఇల్లనుకుంది. ఎనిమిది వందలు. చుక్క ఒకటి అద్దం మీద సగం ఏర్పడి ఆగింది. "చూడు, ఎంత హాయిగా ఉందో" అన్నారు ఆయన, నిజంగానే ఆమెకు మేలు చేసినట్టు. ఆమె వంగి, కేబినెట్ వెనక తడిమి, గోడలోంచి వచ్చే నెట్ కేబుల్ పట్టుకుని లాగింది.

"హలో, కనెక్షన్ పోయింది" అన్నారు.

"పోలేదండీ. పీకాను." ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగింది, మోగనిచ్చింది. కమాండు రెండుసార్లు తప్పు కొట్టింది, మూడోసారి సరిగ్గా పడింది, ఫ్యాన్ మళ్ళీ గొంతెత్తింది. అత్తయ్య కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చింది. "ఆ చప్పుడేంటమ్మా, పేలుద్దా ఏంటి? వాడు నాకు చేస్తున్నాడు ఫోన్, నీకివ్వమంటున్నాడు."

"పనిలో ఉందని చెప్పండత్తయ్యా."

అత్తయ్య ఆమె మొహంలోకి చూసింది, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "పనిలో ఉందట్రా" అంటూ వెనక్కి తిరిగింది. ఆ మాటైనా నిజంగా చేరవేసినందుకు ఆమెకు అత్తయ్య మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది, ఆ వెంటనే, మోత గురించి ఈవిడ కూడా ఎప్పుడో సణిగి ఉంటుందని తోచి ఆ ప్రేమ సగమైంది. ఫ్రేములు పడుతున్నాయి. గడియారం వైపు చూడకూడదనుకుంది, చూసింది. ఆఖరి ఫ్రేములో ముసలామె దారం ఎక్కించి తలెత్తుతుంది, ఆ తలెత్తడంలో దీపం వెలుగు చెంప మీదికి జారాలి. జారింది. తనకొచ్చు. ఈ పని తనకొచ్చు, ఎప్పుడూ వచ్చు. కేబుల్ మళ్ళీ గుచ్చింది, ఆయన రానీ, దించుకోనీ, పంపడానికి వేగంతో పనిలేదు. నాలుగవుతుండగా ఫైలు వెళ్ళిపోయింది.

లైటింగ్ అక్క చాలాసేపటికి ఫోన్ చేసింది. షాట్ అందరూ చూశారంది. ఎవరూ మాట్లాడలేదట, అక్కడ అది మంచి గుర్తంది. తర్వాత ఆవిడ గొంతు మారింది. "ఒకటి చెప్తా, బాధపడకు. తీసుకుంటారు గానీ జూనియర్‌గానే తీసుకుంటారే. మధ్యలో ఈ ఏళ్ళలో నువ్వు చేసినవన్నీ చూశారు వాళ్ళు. ఆ నీడల్లేని బొమ్మలు. వాటిని పట్టుకుని నీకు సీనియర్ అని ఎలా ఇస్తారు? మనం నేర్పిన పిల్ల ఉంది చూడు, దాని కింద చేయాలి. వస్తావా?"

ఆ పిల్లకు మొదటి దీపం ఎక్కడ పెట్టాలో చెయ్యి పట్టి చూపించింది ఆమే. "వస్తానక్కా" అంది. అక్క మాట మార్చింది. "సరే గానీ, నీ మెషిన్ జబ్బేంటో దొరికిందా?"

"దానికి జబ్బేమీ లేదక్కా" అంది ఆమె. "పక్కన ఎవరో పడుకున్నారని మెల్లగా తిరగమన్నారంతే."